రెండుసార్లు చదివిన పేరు

యేసుపాదం చెయ్యి మెలకువలో వణికేది. నిద్రలో వణికేది కాదు. ఈ సంగతి మొదట కనిపెట్టింది ఏ డాక్టరూ కాదు, ఆయన భార్య సంతోషమ్మ.

ఏలూరులో బోర్డులు రాసేవాళ్లలో యేసుపాదానికి ఒకప్పుడు మంచి పేరుండేది. కింద మూలన చిన్న అక్షరాలతో 'పాదం ఆర్ట్స్' అని కనిపిస్తే ఆ బోర్డు పదేళ్లు ఎండకీ వానకీ తట్టుకుంటుందని షాపులవాళ్ల నమ్మకం. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిలో సగం తినేశాయి. మిగతా సగాన్ని పార్కిన్సన్స్ జబ్బు తినేసింది. యాభై ఏడో ఏట కుడి బొటనవేలు అదరడం మొదలైంది. అరవై వచ్చేసరికి చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా, అన్నం కలుపుకోవాలన్నా సంతోషమ్మ చెయ్యి కావాల్సి వచ్చేది. గడప దాటబోతే కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన వరండాలో మంచం మీద నిద్రపోతున్నాడు. సంతోషమ్మ పక్కనే కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. ఆయన కుడిచెయ్యి గాలిలోకి లేచింది. నిద్రలో చేతులు విసరడం, కలవరించడం ఆయనకి అలవాటే కాబట్టి ఆమె ముందు పట్టించుకోలేదు. కానీ ఆ రోజు చెయ్యి విసరలేదు. మూడు వేళ్లు కుంచె పట్టుకున్నట్టు దగ్గరికి చేరాయి. చెయ్యి నింపాదిగా గుండ్రంగా తిరిగింది, పైకి వెళ్లి తలకట్టు పెట్టింది, పక్కకి జరిగి ఇంకో అక్షరం ఎత్తుకుంది.

సంతోషమ్మ లోపలికి వెళ్లి పలక తెచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆయన ఆమెకి అక్షరాలు దిద్దించిన పలకే అది. ఆయన వేళ్ల మధ్య సుద్దముక్క పెట్టి, చెయ్యి కిందకి పలక జరిపింది. ఆయన కళ్లు తెరవలేదు. పలక మీద 'గౌరీ సైకి' అని పడింది. అక్కడికి పలక అయిపోయింది. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి.

మర్నాడు ఆమె ఆ పలకని సుద్ద చెరగకుండా తువ్వాల్లో చుట్టుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని విజయవాడ బస్సెక్కింది. నిద్ర మీద పరిశోధన చేసే డాక్టరమ్మ అక్కడ ఉందని చర్చిలో ఎవరో చెప్పగా వింది.

కృష్ణలంకలో ఒకప్పటి పొగాకు గోదాములో ఉంది ఆ పరిశోధనాలయం. డాక్టర్ వకుళ పలక చూసి, యేసుపాదం చేతిని చూసింది. ఆ చెయ్యి ఒళ్లో ఆగకుండా కొట్టుకుంటోంది.

"ఇది ఎప్పుడు రాశారు?"

"నిన్నేనండి," అంది సంతోషమ్మ.

"ఎవరైనా చెయ్యి పట్టుకున్నారా?"

"లేదండి. నిద్దట్లో రాశాడు. నేను పలక పెట్టానంతే."

వకుళ పలకని వెలుతురులోకి తిప్పి చూసింది. ఇలాంటి రోగుల్లో కొందరు నిద్రలో చురుగ్గా కదులుతారని ఆమె చదివింది, వీడియోల్లో చూసింది. నిద్రలో అక్షరం రాసినవాణ్ణి చూడలేదు. ఆ మధ్యాహ్నమే యేసుపాదాన్ని అక్కడ పడుకోబెట్టి, తలకి తీగలు అంటించారు. నలభై నిమిషాల తర్వాత మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదలడం మొదలైంది. ఇంజనీరు ఫరీద్ ఒక అట్ట ముక్క, స్కెచ్ పెన్ను అందించాడు. ఈసారి 'గౌరీ సైకిల్ షాపు' పూర్తిగా పడింది, కింద నీడ గీతతో సహా.

ఫరీద్ తెర మీద గీతలు చూస్తూ, "మేడం, ఆర్డరు వచ్చే దారే వేరుగా ఉంది," అన్నాడు.

సంతోషమ్మకి అర్థమయ్యేలా వకుళ చెప్పింది. "మెదడు నుంచి చేతికి వచ్చే పెద్ద రోడ్డు తెగిపోయిందమ్మా. కలలో ఉన్నప్పుడు బండి ఇంకేదో డొంకదారిన వస్తోంది. మెలకువ రాగానే ఆ దారికి గేటు పడిపోతోంది."

"అయితే ఆ గేటు తీసెయ్యండి," అంది సంతోషమ్మ.

ఆ గేటు తియ్యడానికి రెండేళ్లు పట్టింది. ఫరీద్ ఒక పట్టీ తయారుచేశాడు. చెవుల వెనుక నుంచి నుదుటి దాకా వచ్చే ఆ పట్టీ, కల సమయంలో పుట్టే సంకేతాలని మెలకువలో ఉన్న మెదడుకి పంపి, మూసుకున్న దారిని నలభై నిమిషాల పాటు తెరిచి ఉంచుతుంది. దానికి 'వంతెన' అని పేరు పెట్టుకున్నారు. అనుమతులు వచ్చాక, ఫిబ్రవరిలో ఒక ఉదయం, యేసుపాదం తలకి దాన్ని కట్టారు.

వకుళ మీట నొక్కింది. అర నిమిషం ఏమీ కాలేదు. తర్వాత ఒళ్లో కొట్టుకుంటున్న చెయ్యి నెమ్మదించి, ఆగిపోయింది. సంతోషమ్మ ఆ చేతివైపే చూస్తోంది. అయిదేళ్లలో ఆ చెయ్యి మెలకువలో ఆగి ఉండగా ఆమె చూడలేదు.

యేసుపాదం కుర్చీలోంచి లేచాడు. ఎవరి ఆసరా లేకుండా నాలుగడుగులు వేసి, బల్ల మీద పెట్టిన కుంచె అందుకున్నాడు. రంగులో ముంచి, డబ్బా అంచుకి రెండువైపులా ఒత్తి, ఎదురుగా ఉన్న చెక్క బోర్డు మీద ఒక్క గుక్కలో 'క్ష' రాశాడు. ఫరీద్ చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు. వకుళ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అప్పుడు యేసుపాదం పక్కకి తిరిగి, ఎవరూ లేనిచోట చూస్తూ అన్నాడు: "చిట్టీ, నిచ్చెన గట్టిగా పట్టుకో రా. జరుగుతోంది."

సంతోషమ్మ దగ్గరికి వెళ్లింది. "ఏవయ్యా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఆయన ఆమెవైపు మర్యాదగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? కాస్త ఎడంగా నిలబడు. తడి రంగు, చీరకి అంటుకుంటుంది."

చిట్టిబాబు ఆయనతో కలిసి బోర్డులు రాసిన స్నేహితుడు. కామెర్లు వచ్చి చనిపోయి పంతొమ్మిదేళ్లయింది. వంతెన దారిని మాత్రమే తెరవలేదు. దారితో పాటు కలని కూడా తీసుకొచ్చింది. ఆ కలలో యేసుపాదానికి పాతికేళ్లు, ఇంకా పెళ్లి కాలేదు.

పట్టీ తీశాక పది నిమిషాలకి ఆయన ఈ లోకంలోకి వచ్చాడు. చెయ్యి మళ్లీ వణకడం మొదలుపెట్టింది. "సంతోషం, మంచినీళ్లు," అన్నాడు. ఆమె తాగించింది.

వకుళ మోతాదు తగ్గించి చూసింది. కల పోయింది, చెయ్యి కూడా వణికింది. పెంచితే చెయ్యి ఆగింది, చిట్టిబాబు వచ్చాడు. రెండూ ఒకే తాడుకి కట్టినట్టున్నాయి. అయిదోసారి ప్రయోగం చేసినప్పుడు పట్టీ తీసిన గంట వరకూ ఆయన ఈ లోకంలోకి తిరిగి రాలేదు. ఫరీద్ తీగలు సర్దుతుండగా లేచి, వాకిలి దాటి, గేటు దాటి రోడ్డు మీదకి నడిచాడు. గౌరీ సైకిల్ షాపు ఎటువైపని ఒక ఆటోవాణ్ణి అడిగాడు. సమాధానం వినకుండానే రోడ్డు దాటబోయాడు. ఎదురుగా ఇసుక లారీ వస్తోంది. ఫరీద్ పరుగెత్తి చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ మట్టిలో పడ్డారు. ఫరీద్ మోచెయ్యి చీరుకుపోయింది.

ఆ సాయంత్రం వకుళ సంతోషమ్మని తన గదిలోకి పిలిచింది.

"అమ్మా, ఇక్కడితో ఆపేద్దాం. చేతి కోసం మనిషినే పోగొట్టుకోలేం. మనకి అనుమతిచ్చిన హైదరాబాదు సంఘంవాళ్లకి రాసేస్తాను. వాళ్లు ఎలాగూ వచ్చే నెల చూడ్డానికి వస్తారు, మూసెయ్యమంటారు."

"మీ ఇష్టమండి," అంది సంతోషమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, బలమూ లేదు.

ఏలూరు వచ్చాక మూడో రోజు ఆమె అన్నం కలిపి ముద్ద అందిస్తూ అడిగింది.

"అక్కడ నువ్వు బాగుంటావా?"

ఆయన ముద్ద మింగేదాకా ఆగి చెప్పాడు. "చెయ్యి బాగుంటాది. చిట్టిగాడు ఉంటాడు. పని ఉంటాది."

"నేనుండను."

"ఉండవు." ఆయన తల దించుకున్నాడు. "అది అప్పుడు తెలీదే, సంతోషం. వచ్చాక తెలుస్తాది. వచ్చాక గుండెల్లో ఎవరో పిండినట్టుంటాది."

ఆమె ఇంకో ముద్ద పెట్టింది. ఆయన నములుతూ, మాట మార్చడానికన్నట్టు గొణిగాడు. "పైగా అక్కడ బోర్డులు శుద్ధ చెత్త. నేను రాసిన బోర్డే. ఒకసారి చూస్తే 'గౌరీ సైకిల్ షాపు' అని ఉంటాది. పక్కకి చూసి మళ్లీ చూస్తే 'గారె సైలు పాపు' అని ఉంటాది. ఎవడో చెరిపి రాసినట్టు. నా జన్మలో అలాటి తప్పు రాయలేదు."

సంతోషమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "బోర్డు మారిపోతాదా?"

"చూసినప్పుడల్లా మారిపోతాది. ఒళ్లు మండిపోతాది నాకు."

"ఇక్కడ నువ్వు పలక మీద రాసింది మారలేదుగా."

"ఇక్కడెందుకు మారుతాది?"

ఆమె ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో ఫోను తీసి వకుళకి చేసింది. యేసుపాదం చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది.

"అమ్మా," అంది వకుళ. "కలలో అక్షరాలు నిలబడవు. అది పుస్తకాల్లో ఉన్నదే, నాకు తెలిసిందే. మీ ఆయన అక్షరాల మనిషి అన్న సంగతే నేను మర్చిపోయాను. రేపు ఇద్దరూ రండి."

తర్వాత మూడు వారాలు పట్టీ ముట్టుకోలేదు. యేసుపాదానికి ఒకే ఒక్క పని. ఎక్కడ ఏ అక్షరం కనిపించినా చదవాలి, చూపు తిప్పుకోవాలి, మళ్లీ చదవాలి. చదివి తనని తాను అడగాలి: నిలబడిందా, కదిలిందా? బస్సు మీద ఊరి పేరు, అగ్గిపెట్టె, మందు సీసా, ఎదురింటి గోడ మీద ఎన్నికల నినాదం, అన్నీ రెండేసిసార్లు చదివాడు. చర్చిలో పాటల పుస్తకం రెండేసిసార్లు చదువుతూ పాటలో వెనకబడిపోయాడు. మెలకువలో అంతగా వేళ్లూనిన అలవాటు కలలోకి కూడా వెంటవస్తుందని వకుళ ఆశ. రెండో వారం చివర మధ్యాహ్నం నిద్రలోంచి లేస్తూనే ఆయన భార్యని పిలిచాడు.

"సంతోషం, కలలో క్యాలెండరు చదివాను. రెండోసారి మారింది. ఇది కల అని నాకు అక్కడే తెలిసిపోయింది."

"మరి లేచిపోయావా?"

"లేదు. తెలిసాక కూడా కాసేపు అక్కడే తిరిగాను."

సంఘంవాళ్లు ముగ్గురు వచ్చిన రోజు ఉదయం పది గంటలకే ఎండ కాస్తోంది. పరిశోధనాలయం ముందు పన్నెండు అడుగుల పొడవున్న గోడకి తెల్లసున్నం వేయించారు. ఏం రాస్తారని వకుళ అడిగితే ఇక్కడి పేరే రాస్తానన్నాడు యేసుపాదం. 'నిద్రాశాస్త్ర పరిశోధనాలయం'. అందులో 'స్త్ర' అంటే ఆయనకి ఇష్టం. ఒకదాని కింద ఒకటి రెండు ఒత్తులు సరిగ్గా కుదర్చడం చేతనైతేనే పెయింటర్ అనేవాడు.

అక్కడున్న ప్రతి ఒక్కరూ అట్టముక్క మీద పేరు రాసి మెడలో వేసుకున్నారు. సంఘం పెద్ద, ఒక రిటైర్డ్ న్యూరో సర్జన్, తన అట్టని సందేహంగా చూసుకున్నాడు.

"ఈయన మళ్లీ రోడ్డు మీదకి వెళ్తే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"గేటుకి తాళం వేశాం. ఫరీద్ పక్కనే ఉంటాడు," అంది వకుళ. "ఈసారి కూడా మనల్ని గుర్తుపట్టకపోతే నేనే పట్టీ తీసేస్తాను. మీరు చెప్పక్కర్లేదు."

సంతోషమ్మ తన అట్ట తనే రాసుకుంది. ఎవరినీ రాయనివ్వలేదు.

వంతెన తెరుచుకుంది. యేసుపాదం చెయ్యి ఆగింది. ఆయన కుంచె తీసుకుని, నిచ్చెన రెండు మెట్లెక్కి, గోడ ముందు నిలబడ్డాడు. ఎండ రంగు మారింది. గోడ పక్కన ఏలూరు పవరుపేట సందు పరుచుకుంది, సైకిల్ బెల్లులు, మరమరాల బట్టీ పొగ. నిచ్చెన కింద చిట్టిబాబు, చేతులు మడిచిన చొక్కాతో, బీడీ చెవికి దోపుకుని నవ్వుతున్నాడు.

"తొందరగా కానీ రా పాదం. ఆకలేస్తంది."

"ఉండరా," అన్నాడు యేసుపాదం. సందు చివర బోర్డు మీద ఆయన చూపు పడింది. గౌరీ సైకిల్ షాపు. చూపు తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు. గోరీ సైసై షాకు.

కదిలింది.

ఒకవైపు ఎంత సంతోషమో ఒకవైపు అంత దిగులు. కిందికి చూశాడు.

"చిట్టీ. నువ్వు కలవి రా."

చిట్టిబాబు నవ్వు తగ్గలేదు. "తెలిసిపోయిందా?"

"తెలిసిపోయింది. నువ్వు పోయి పంతొమ్మిదేళ్లయింది. నేనే మోశాను."

"మరి దిగిపోతావా?"

"దిగను. రాస్తాను. నువ్వు నిలబడితే నిలబడు."

ఆయన వెనక్కి తిరిగాడు. సందు జనం మధ్యలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తెల్లజుట్టు, నీలం చీర, మెడలో అట్ట. ఎవరో ఆయనకి తెలియలేదు. అట్ట మీద అక్షరాలు చదివాడు. 'సంతోశమ్మ'. చూపు తిప్పి గోడని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. మళ్లీ చదివాడు. 'సంతోశమ్మ'. మూడోసారి కూడా అదే.

గోడ దగ్గర వకుళ చెయ్యి మీట మీద ఉంది.

"సంతోషం," అన్నాడు యేసుపాదం.

ఆమె అట్ట పట్టుకుని ఒక అడుగు ముందుకి వేసింది.

"'ష' రాదే నీకు. ఎన్నిసార్లు దిద్దించాను. శంఖంలో 'శ' పెట్టావు." కుంచెతో ఆమె అట్ట చూపించాడు. "మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే తప్పు. నువ్వు నిజం. ఇది బెజవాడ. ఆ కళ్లద్దాలావిడ డాక్టరమ్మగారు. ఈ అబ్బాయి ఫరీదు, మోచేతి మీద మచ్చ నా వల్లే."

సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వకుళ మీట మీద నుంచి చెయ్యి తీసేసింది.

"చిట్టిబాబు ఉన్నాడా?" అని అడిగింది సంతోషమ్మ.

"ఉన్నాడు. నిచ్చెన పట్టుకున్నాడు. ఉంటే ఉండనీ, వాడు కల, నాకు తెలుసు." గోడవైపు తిరిగాడు. "ఎండ ముదరకముందే కానిచ్చేస్తాను. కాస్త ఎడంగా నిలబడు, చీరకి అంటుద్ది."

ఆయన రాయడం మొదలుపెట్టాడు. ముందు సుద్దతో కొలతలు కూడా పెట్టుకోలేదు. 'ని' గుడి గోడ పైఅంచుకి సమంగా వెళ్లింది. 'ద్రా' కింద ఒత్తు ఎద్దు కొమ్ములా వంపు తిరిగింది. 'స్త్ర' దగ్గర ఒక నిమిషం ఆగి, కాస్త వెనక్కి వాలి, తల వంచి చూసి, ఒత్తు కింద ఒత్తు రెండే రెండు ఊపుల్లో దించాడు. మధ్యమధ్యలో తను రాసింది రెండుసార్లు చదువుకుంటున్నాడు. నిలబడుతోంది. ప్రతిసారీ నిలబడుతోంది. సంఘం పెద్ద తన మెడలో అట్ట సంగతి మర్చిపోయి, గోడకి దగ్గరగా వెళ్లి, ఆ గీతల అంచులు చూస్తూ నిలబడ్డాడు. శస్త్రచికిత్సలు చేసిన చెయ్యి ఆయనది. అంచు ఎంత శుభ్రంగా ఉందో ఆయనకి తెలుస్తుంది.

ముప్పై ఎనిమిదో నిమిషంలో యేసుపాదం కుంచె కిందపెట్టి, నిచ్చెన కిందికి చూసి చిన్నగా తలూపాడు. ఎవరికో వకుళ అడగలేదు. తర్వాత తనంతట తనే పట్టీ విప్పుకున్నాడు. సంతోషమ్మ మొహం చూశాడు. ఈసారి అట్ట చదవాల్సిన పని లేదు. చెయ్యి మళ్లీ వణుకుతోంది. ఆ వణికే చేత్తోనే ఆమె భుజం పట్టుకుని మెట్లు దిగాడు.

సంఘంవాళ్లు లోపల గంట కూర్చున్నారు. బయటికి వచ్చి, ఇంకా పదకొండు మంది రోగులతో ప్రయోగం కొనసాగించవచ్చని చెప్పారు. ఒక షరతు పెట్టారు. ప్రతి రోగికీ కలకీ నిజానికీ తేడా తెలుసుకునే తన సొంత పద్ధతి ముందే ఉండాలి. అది నేర్పే బాధ్యత యేసుపాదం తీసుకోవాలి.

మొదటి రోగి రహిమాబీ. నూజివీడులో చీరలకి ఫాల్స్ కుట్టేది. ఏడేళ్లుగా సూది పట్టలేదు. పరీక్షలన్నీ అయ్యాక ఆమె ఒక మాట చెప్పింది. అందరి మొహాలూ వాడిపోయాయి.

"నాకు చదువు రాదు సార్. అక్షరాలు నిలబడ్డాయో కదిలాయో నాకేం తెలుస్తాది?"

ఫరీద్ అంకెలు నేర్పిద్దామన్నాడు. వకుళ బొమ్మల కార్డులు అంది. యేసుపాదం కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"చెల్లెమ్మా, కలలో కుడతావా నువ్వు?"

"రోజూ కుడతానన్నా."

"అక్కడ కుట్టు ఎలా ఉంటాది? ఇక్కడలాగే ఉంటాదా?"

రహిమాబీ కుట్టు గుర్తుచేసుకుంటున్నట్టు కళ్లు మూసుకుంది. "అక్కడ దారం అయిపోదన్నా. ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఎంత కుట్టినా వస్తానే ఉంటాది. ముడెయ్యాల్సిన పనే ఉండదు."

యేసుపాదం వకుళవైపు చూశాడు. వకుళ అప్పటికే రాసుకుంటోంది.

నెల రోజుల తర్వాత ఒక సోమవారం ఉదయం రహిమాబీకి వంతెన కట్టారు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒళ్లో పసుపుపచ్చ చీర, చేతికి సూది, బారెడు దారం ఇచ్చారు. మీట నొక్కారు. ఆమె చేతులు ఆగాయి. దారం సూది కన్నులోకి మొదటిసారే దూరింది. ఆమె పెదాలు కదుపుతూ ఎవరితోనో ఏదో మాట్లాడుతోంది. అమ్మతో అని తర్వాత చెప్పింది. మాట్లాడుతూనే కుడుతోంది. కుట్లు చీమల బారులా వరసగా పడుతున్నాయి. సంతోషమ్మ ఒకవైపు, యేసుపాదం ఒకవైపు కూర్చుని ఆ దారం పొడవే చూస్తున్నారు. జానెడుకి వచ్చింది. బెత్తెడుకి వచ్చింది. సూది ఇంకా సాగుతోంది.

ఆగింది. రహిమాబీ సూదిని పైకెత్తి, వెలుతురుకి అడ్డం పెట్టి చూసింది. వేళ్లతో దారం కొసని తడిమింది. ఆమె మొహం మెల్లమెల్లగా విప్పారింది. తలెత్తి ముందు యేసుపాదాన్ని, తర్వాత కిటికీలోంచి రోడ్డుని, మళ్లీ ఆయన్ని చూసింది.

"దారం అయిపోయిందన్నా," అంది. "ఇంకో బారెడు ఇవ్వండి."